రేపటి ఆట ఎవరి చేతిలో?

రాజధాని అమరావతి ప్రాంతంలోని తుళ్లూరుకు పక్క మండలం తాడికొండ. అందులోని పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్‌ని తెలుగునాడంతా బుర్రకథ పితామహుడని పిలుచుకుంది. దూది ఏకే ఇంటి బిడ్డ. ఆయన చెప్పగా మరొకరు రాసిన ఆత్మకథ పేరు కూడా ‘పింజారి’. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. ఆయన గొంతు గురించీ, వీరంలోంచి కరుణలోకి రెప్పపాటులో దిగిపోయే ఆ అభినయం గురించీ చాలామంది రాశారు. ఆయన ఎంచుకున్న కళారూపం జమాఖర్చుల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. బుర్రకథకు ముగ్గురు చాలు. నడుమ తంబురాతో కథకుడు, చెరో పక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు, వారిలో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. తెరలు అక్కర్లేదు, కిరీటాలు అక్కర్లేదు, లారీ అక్కర్లేదు. అదే ఊళ్లో పద్యనాటకం ఆడాలంటే పదిహేనిరవై మంది పాత్రధారులు, హార్మోనియం, తబలా, మేకప్పు, అద్దె డ్రెస్సులు, లైట్లు కావాలి. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను భుజాన వేసుకుందంటే సిద్ధాంతం ఒక్కటే కారణం కాదు. ముగ్గురి భోజనం, ముగ్గురి దారిఖర్చు భరించలేని ఊరు తెలుగుదేశంలో ఉండదు. అయితే ఈ కథకు రెండో భాగం కూడా ఉంది. ఆ రోజుల్లో జనాన్ని పోగుచేసింది కమ్యూనిస్టు పార్టీ. 1948 తర్వాత పార్టీ మీద నిర్బంధం వచ్చిపడినప్పుడు దళాలు చెదిరిపోయాయి, కొందరు సినిమాల దారి పట్టారు. కళ చెడలేదు, ఖర్చు పెరగలేదు, జనం విసిగిపోలేదు. జనాన్ని కూర్చోబెట్టే చెయ్యి మాత్రం కళాకారుడిది కాదు.

రంగస్థల కళాకారులకు వ్యాపార దక్షత నేర్పాలన్న మాట ఈమధ్య తరచు వినిపిస్తోంది. నేర్పేవాళ్లు చెప్పేవి ఏమిటంటే ఫొటోలు తీయించుకోవడం, ఇన్‌స్టాగ్రాంలో కనిపిస్తూ ఉండటం, రేటు అడగడానికి మొహమాటపడకపోవడం, నలుగురితో పరిచయాలు పెంచుకోవడం. తప్పేమీ లేదు, అవసరమే. కానీ ఇవన్నీ తనను తాను బాగా అమ్ముకునే పద్ధతులు. అమ్ముడయ్యే మనిషి ఎంత తెలివిగా అమ్ముడైనా కొనేవాడి దయ మీదే ఉంటాడు. తెలుగు నాటకరంగం నూటముప్పై, నూటనలభై ఏళ్ల చరిత్ర చూస్తే అసలు ప్రశ్న వేరేచోట ఉందనిపిస్తుంది. ఇవాళ్టి ఆట అయిపోయాక రేపటి ఆట ఎవరి చేతిలో ఉంది? కాంట్రాక్టరు చేతిలోనా, కమిటీ చేతిలోనా, పరిషత్తు న్యాయనిర్ణేతల చేతిలోనా, ప్రభుత్వ శాఖ చేతిలోనా, ఆడినవాళ్ల చేతిలోనా? ఆ పట్టు ఆడినవాళ్ల చేతికి తెచ్చుకోవడమే వాళ్లకు కావలసిన దక్షత అని నా వాదన. మిగతా నైపుణ్యాలన్నీ దానికి సేవకులు.

ఆ పట్టు దొరికినప్పుడు ఏమవుతుందో సురభి చూపించింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’తో మొదలైన ఆ సమాజాన్ని వనారస గోవిందరావు నడిపిన తీరు ఏ వాణిజ్య కళాశాలలోనైనా పాఠంగా చెప్పదగ్గది. కుటుంబమే సమాజం. ఇంట్లో పుట్టిన బిడ్డ రంగస్థలం మీదే నడక నేర్చుకునేది. మిగతావాళ్లు మగవాళ్లకే చీరలు కడుతున్న కాలంలో తమ ఆడవాళ్లకే స్త్రీ పాత్రలు ఇచ్చారు. తెరలు తమవి, పరదాలు తమవి, గాలిలో ఎగిరే ఘటోత్కచుడిని ఎగరేసే తీగలు తమవి, రేకుల హాలు తమది, టిక్కెట్టు గల్లాపెట్టె తమది. ఒక ఊళ్లో నెలల తరబడి మకాం వేసి, జనం పల్చబడగానే మరో ఊరికి కదిలేవారు. కుటుంబం పెరిగిన కొద్దీ కొత్త సమాజం కట్టి పిల్లలకు అప్పగించేవారు. అలా ఒకటి పదులైంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టుక వెనుక కూడా గోవిందరావు ఉన్నారంటే, ఆయన తన ఇంటి లెక్క ఒక్కటే చూసుకునే మనిషి కాడని తెలుస్తుంది. సినిమా వచ్చాక ఆ సమాజాలు చాలావరకు మూతపడ్డాయి, చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అది ఓటమే కదా అనవచ్చు. సినిమా దెబ్బకు సురభి కంటే ఎన్నో రెట్లు పెద్ద పేరున్న సమాజాలు ఆనవాలు లేకుండా పోయాయి. సురభి మిగిలింది. నూరేళ్లు దాటాక కూడా బి.వి. కారంత్ వంటి దర్శకుడు వచ్చి పనిచేయడానికి అక్కడ ఒక సమాజం, సామాను, ఆడే మనుషులు ఉన్నారు. పట్టు ఉన్నవాడికి ఆయుష్షు ఉంటుందనడానికి ఇంతకన్నా రుజువు నాకు కనపడలేదు.

దీనికి ఎదురుగా నిలిచేది మన కృష్ణా, గుంటూరు సీమల కాంట్రాక్టు నాటకం. ఒక కాంట్రాక్టరు వేర్వేరు సమాజాల్లోంచి పేరున్న నటులను ఒక్క రాత్రికి పోగుచేసేవాడు. ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడితే కృష్ణుడు ఒక్కడే ఉండనక్కర్లేదు. రాయబారం ముందొకరు, రాయబారంలో ఒకరు, తర్వాత ఇంకొకరు. ఒకే రాత్రి ముగ్గురి పద్యాలు వినొచ్చని వాల్‌పోస్టరు ఊరించేది. జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు, వన్స్‌మోర్లతో తెల్లవారేది. పద్యానికి అది స్వర్ణయుగమే, కాదనను. నటులకు ఒక రాత్రికి ముట్టిన మొత్తం కూడా ఆ రోజులకు చిన్నది కాకపోవచ్చు. కానీ ఆ ఏర్పాటులో ఎవరి దగ్గర ఏం మిగిలిందో చూడండి. ఏ ఊళ్లో ఏ పద్యానికి ఈలలు పడతాయో, ఏ తిరునాళ్లకు ఎంత జనం వస్తారో, ఎవరు చందా ఇస్తారో, ఆ ఎరుకంతా కాంట్రాక్టరు దగ్గర మిగిలింది. నటుడి దగ్గర మిగిలింది గొంతు. గొంతుకు వయసుంది. సమాజంగా కలిసి ట్రయల్స్ వేసుకునే అలవాటు పోయింది, కొత్త నాటకం కట్టే తీరిక పోయింది. ముందురోజు ముఖం కూడా చూడని ఇద్దరు అర్జునుడూ కృష్ణుడూ అయ్యేవారు. వచ్చిన పద్యాలే మళ్లీ మళ్లీ, ఇంకా పెద్ద రాగంతో. కొత్తగా రావాలనుకున్న కుర్రాడికి సమాజంలో చిన్న వేషంతో మొదలుపెట్టే మెట్టు కూడా లేకుండా పోయింది.

కాంట్రాక్టర్ల జోరు తగ్గాక వాళ్ల జాగాలోకి వచ్చినది తిరునాళ్ల కమిటీ. ఈ మెట్టపొలాల్లో పత్తి తీతలు, మిరప కోతలు అయ్యి చేతిలో డబ్బు ఆడే కాలమే శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి. కోటప్పకొండకు ప్రభలు కట్టేదీ అప్పుడే, ఊరూరా రాములవారి పందిట్లో ప్రోగ్రాం పెట్టేదీ అప్పుడే. చందాలు పోగవుతాయి, ఎవరో ఒక దాత మిగతాది వేస్తాడు, జనం ఉచితంగా చూస్తారు. ఎంత ఉదారమైన ఏర్పాటో అంత ప్రమాదకరమైనది కూడా. చూసేవాడు వేరు, చెల్లించేవాడు వేరు. కమిటీలోకి కుర్రాళ్లు వచ్చి, నాటకం తీసేసి రికార్డింగు డ్యాన్సు పెడదామన్నప్పుడు, అరుగు మీద కూర్చుని రాత్రంతా పద్యం వినే పెద్దవాళ్లను ఎవరూ అడగలేదు. అడగడానికి వాళ్లు కొనుగోలుదారులు కారు. నాటకం పార్టీ వాళ్లు వెళ్లి ఆ ప్రేక్షకులను అడుగుదామన్నా వాళ్లెవరో వీళ్లకు తెలియదు. జనం నాటకం చూడటం మానేశారని మనం అలవాటుగా అనుకునే మాటలో సగమే నిజం. చాలాచోట్ల నాటకాన్ని జనానికి చూపించేవాళ్లు మానేశారు. ఆట నడుమ మైకులో చదివింపులు చదివే ఆచారాన్ని చూసి నవ్వుతాం గానీ, చూసేవాడు తన జేబులోంచి నేరుగా కళాకారుడికి ఇచ్చే దారి ఆ రాత్రి మొత్తం మీద అదొక్కటే.

ఈ వ్యవస్థలోనే బేరం చేయగలిగినవాళ్లు లేకపోలేదు. గుంటూరు జిల్లా సుద్దపల్లికి చెందిన కల్యాణం రఘురామయ్యను ఈలపాట రఘురామయ్య అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. నోట్లో వేలు పెట్టి రాగం ఈల వేయడం మరొకరికి చేతకాలేదు. 1933లో ‘పృథ్వీపుత్ర’తో సినిమాకు వెళ్లి కూడా రంగస్థలం వదల్లేదు. 1975లో పోయేదాకా ఆ పేరుకు గిరాకీ తగ్గలేదు. ఇవాళ దీన్ని బ్రాండు అంటారు. మెచ్చుకోవలసిందే. అయితే అది ఒక్క మనిషికి పనికొచ్చే ఉపాయం. ఆయన పక్కన హార్మోనియం వాయించినవారికీ, రెండో కృష్ణుడికీ అది ఏం చేయగలదు? కెరీరు అనేది కొద్దిమంది మహానుభావులకే దక్కే వస్తువైతే దాన్ని నేర్పే ప్రయత్నం ఎందుకు? మామూలు ప్రతిభ, మంచి క్రమశిక్షణ ఉన్న మనిషి ముప్పై ఏళ్లు ఈ వృత్తిలో బతకగలగాలి, అప్పుడే దాన్ని వృత్తి అంటాం.

బయటి ప్రపంచంలో దీనికి పాత ఉదాహరణ షేక్స్‌పియర్. నాటకాలు రాసి ధనవంతుడయ్యాడని మనం అనుకుంటాం. రచనకు దొరికింది ఏనాడూ పెద్ద మొత్తం కాదు. 1594 నుంచి తన నాటక సమాజంలో ఆయన వాటాదారు. 1599లో గ్లోబ్ థియేటర్ కట్టినప్పుడు బర్బేజ్ సోదరులు సగం ఉంచుకుంటే, మిగతా సగాన్ని అయిదుగురు నటులు పంచుకున్నారు. అందులో ఒక వాటా షేక్స్‌పియర్‌ది. ఆట బాగా ఆడినా, హాలు నిండినా, థియేటరు యజమానులకు చేరే రాబడిలో మొదట్లో పదోవంతు ఆయనకు వచ్చేది. ఈ తేడాను తుళ్లూరు రైతుకు విడమర్చి చెప్పే అవసరం లేదు. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు ఇక్కడివాళ్లు భూమిని ఒక్కసారి రేటుకు అమ్మేయలేదు. మెట్ట ఎకరాకు వెయ్యి గజాల ఇళ్ల స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లు కౌలు. ఏటి పక్క జరీబు భూమికైతే వాణిజ్య స్థలం 450 గజాలు. కౌలు మెట్టకు ఏడాదికి 30,000, జరీబుకు 50,000తో మొదలై ఏటా పెరిగే లెక్క. అంటే రాబోయే నగరంలో వాటా. వాటా అంటే నష్టభయంలో కూడా వాటా అని వాళ్లకు 2019 తర్వాతి అయిదేళ్లు బాగానే చెప్పాయి. రాజధాని ఇక్కడ ఉంటుందో ఉండదో తెలియని కాలంలో, వెల పుచ్చుకుని వెళ్లిపోయి ఉంటే నిశ్చింతగా ఉండేవాళ్లమని ఎందరు అనుకున్నారో. అందుకే వాటా పద్ధతిని నేను కళాకారుల ముందు అన్ని జబ్బులకూ మందుగా పెట్టడం లేదు. పారితోషికం తీసుకునేవాడికి ఆట పోయినా డబ్బు వస్తుంది. వాటాదారుకు రాదు. కానీ ఏళ్లు గడిచిన కొద్దీ విలువ పెరిగే దాంట్లో తన పేరు ఉండాలంటే కొన్ని రాత్రుల పారితోషికం పణం పెట్టక తప్పదు. ఒక నాటకాన్ని ఆరుగురు కలిసి, ఇంత ఖర్చు, ఇంత వాటా అని కాగితం మీద రాసుకుని కడితే, అది ఆరో ఆటకో పదో ఆటకో పెట్టుబడి తీర్చి ఆస్తి అవుతుంది. మన సమాజాల్లో తగాదాలు చాలావరకు డబ్బు తక్కువై వచ్చినవి కావు, రాసుకోకపోవడం వల్ల వచ్చినవి. స్నేహం ఉండగా కాగితం ఎందుకన్న మర్యాద ఎన్ని ట్రూపులను ముంచిందో!

కాగితం అన్నాను కాబట్టి చట్టం సంగతి కూడా. 1957 నాటి కాపీరైటు చట్టంలో ప్రదర్శకుడికంటూ హక్కు ఏదీ లేదు. రాసినవాడికి ఉంది, రికార్డు వేసినవాడికి ఉంది, పాడినవాడికి, ఆడినవాడికి లేదు. గ్రామఫోను పళ్లేల్లో ఇంటింటా మోగిన పద్యాలకు చట్టరీత్యా గాయకుడు అడగగలిగింది లేదన్నమాట. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది, 1999లో దాని గడువు 25 ఏళ్ల నుంచి 50 ఏళ్లకు పెరిగింది, 2012లో ఇంకా గట్టిపడింది. ఇవాళ ఎవరైనా తిరునాళ్లలో కెమెరా పెట్టి రాత్రంతా నాటకం తీసి తన చానల్లో వేసుకుంటే, ఆ పద్యం పాడిన మనిషి అనుమతి అడగవలసిన బాధ్యత అతనికి ఉంది. మన ప్రాంతపు పద్యనాటకాలు యూట్యూబులో ఎన్ని ఉన్నాయో, వాటికి ఎన్నెన్ని వీక్షణలు ఉన్నాయో చూస్తే జనం మానేశారన్న మాట మీద మరోసారి అనుమానం కలుగుతుంది. ఆ చానళ్లలో ఎన్ని కళాకారులవి? ఇంకో చిత్రం చూడండి. ‘పాండవోద్యోగ విజయాలు’ రాసిన జంటకవుల్లో ఆఖరున మిగిలిన చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు. రచయిత పోయాక 60 ఏళ్ల లెక్కన ఆ నాటకాల మీద హక్కు 2010తో ముగిసింది. నాటకం ఇప్పుడు ఊరుమ్మడి సొత్తు, ఎవరైనా ఆడొచ్చు. ఆడిన ఆట మాత్రం ఆడినవాడిది. ఉచితంగా దొరికిన ముడిసరుకుతో తనదైన ఆస్తి చేసుకునే వీలు ఇంత స్పష్టంగా ఉన్న వృత్తి మరొకటి ఉందా అంటే వెతకాలి.

ఇక అభ్యంతరాలు. కళను బజారుకు ఈడుస్తున్నావన్నది అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా గౌరవనీయమైనది కూడా. దానికి నిలువెత్తు సాక్ష్యం బళ్లారి రాఘవ. డబ్బు కోసం ఆడలేదు, ఆయన ఆడినంత గొప్పగా ఆడినవాళ్లు తక్కువ. కానీ రాఘవగారు పేరుమోసిన వకీలు. పగలు కోర్టు ఇంటిని నడిపితే రాత్రి రంగస్థలం నిష్కామంగా ఉండగలిగింది. ఆ వారసత్వమే ఇవాళ్టి పరిషత్తు నాటకం. బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు సాయంత్రాలు రిహార్సల్స్ వేసుకుని, తమ జేబు డబ్బుతో ఊరూరి పోటీలకు వెళ్లి నాటకాన్ని బతికించారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. అయినా ఒక మాట అనక తప్పదు. మరో జీతం ఉన్నవాడే కళాకారుడు కావాలన్న నియమం పైకి పవిత్రంగా ఉంటుంది, లోపల అది గేటు. కూలికి వెళ్లే ఇంట్లోంచి వచ్చిన గొంతుకు ఆ గేటు తెరుచుకోదు. నాజర్ ఆ గేటు దగ్గరే ఆగి ఉంటే మనకు బుర్రకథ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. పైగా బజారు మన కళలకు కొత్త కాదు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, చిందువారు, గొల్లలకు మందెచ్చులవారు కథ చెప్పేవారు. ఏ ఊరు ఏ కుటుంబానిదో పంచుకుని, ఒకరి ఊళ్లో మరొకరు అడుగుపెట్టని కట్టుబాటుతో తరాలు గడిపారు. ప్రేక్షకుల మీద హక్కును ఆస్తిలా పంచుకున్న ఆ మనుషులకు వ్యాపారం తెలియదని మనం అనుకోవడం వింత. కులపు కట్టుతో ముడిపడిన ఆ ఏర్పాటు తిరిగి రాకూడదు, కానీ దాని లోపలి తెలివి ఎందుకు పోవాలి?

బజారు కళను చెడగొట్టదా అంటే చెడగొడుతుంది, ముఖ్యంగా రేపటి మీద పట్టు లేనప్పుడు. ‘చింతామణి’ సంగతే తీసుకోండి. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనం మీద రాసిన సంస్కరణ నాటకం వందేళ్లు ఆడింది. ఆడుతూ ఆడుతూ సుబ్బిశెట్టి పాత్ర మూల నాటకంలో లేని బూతులకు ఆటపట్టు అయింది. ఒక వర్గం తమను అవమానిస్తున్నారని ఏళ్ల తరబడి మొత్తుకుంది. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రదర్శనలను నిషేధించింది. నిషేధం మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. అది అలా ఉంచితే, నాటకం పేరు చెడుతున్న అన్నేళ్లలో ఆ పేరును కాపాడుకునే అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆ రాత్రికి వచ్చి ఆ రాత్రికి పోయే నటుడికి ఆ రాత్రి నవ్వే లాభం. ఒక సమాజానికి ఆ నాటకం ఆస్తి అయి ఉంటే, వచ్చే ఏడు కూడా కుటుంబాలతో జనం రావాలన్న భయం దాని నోటికి కళ్లెం వేసేది. సురభివాళ్లు పిల్లాపాపలతో టిక్కెట్టు కొనే జనాన్ని నమ్ముకుని బతికారు. వాళ్ల ఆటలు ఇంటిల్లిపాదీ చూసేలా ఉండటానికి సంస్కారం ఒక కారణమైతే గల్లాపెట్టె ఇంకో కారణం.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం అర్థశాస్త్రం నుంచి వస్తుంది. విలియం బౌమోల్, విలియం బోవెన్ 1966లో ఒక పుస్తకంలో చెప్పిన లెక్క ఇది. యంత్రాలతో మిగతా రంగాల్లో ఉత్పత్తి పెరుగుతుంది, జీతాలు పెరుగుతాయి. నలుగురు వాద్యకారులు వాయించే కచేరీకి మాత్రం రెండు వందల ఏళ్ల కిందట ఎందరు, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అందరే, అంతసేపే. కాబట్టి ఆట ఖర్చు ఎప్పుడూ రాబడిని మించి పరుగెడుతుంది, ఎంత చాకచక్యం ఉన్నా టిక్కెట్టు ఒక్కటే దాన్ని తీర్చలేదు. కాదనలేను. రాయబార ఘట్టాన్ని సగం మందితో సగం సేపట్లో ముగించే యంత్రం రాదు. అందుకే ప్రజాధనం కళకు అందాలి, డప్పు కళాకారులకు పింఛను ఇవ్వడం న్యాయమే. కానీ ఈ లెక్క కళాకారుడిని దక్షత నుంచి విడుదల చేయదు, మరింత జాగ్రత్తపడమంటుంది. తన కళారూపం ఖర్చు ఎంతో తెలియనివాడు సాయం ఎంత అడగాలో కూడా చెప్పలేడు. పింఛను వయసు మళ్లాక వస్తుంది, ఉత్సవం ఏడాదికోసారి వస్తుంది. పాతికేళ్ల వయసులో వృత్తిలో నిలబడటానికి ఆ రెండూ పనికిరావు. ముగ్గురితో ఊరంతటినీ కట్టిపడేసిన బుర్రకథ ఈ ఖర్చు జబ్బుకు మనవాళ్లు తయారుచేసుకున్న నాటుమందే మరి.

ఆ ఖర్చు తట్టుకోవడానికి వేరే దారులు పట్టినవాళ్లూ ఉన్నారు. కూచిపూడి నాట్యాచార్యుడు వెంపటి చినసత్యం 1947లో ఆ ఊరు వదిలి మద్రాసు వెళ్లారు, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. భాగవతులు రాత్రంతా ఆడే మేళాన్ని నగరపు సభల కొలతకు కుదించి, నృత్యనాటికలు కట్టి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడపిల్లలకు నేర్పారు. ఆ శిష్యులు పెట్టిన బడులు అమెరికా దాకా ఉన్నాయి. ప్రదర్శన ఖర్చును బోధన మోసింది. ఇదొక దారి, చాలామంది నర్తకులు ఇవాళ బతుకుతున్నదీ ఈ దారినే. ఇందులో ప్రేక్షకుడి స్థానంలోకి శిష్యురాలి తల్లిదండ్రులు వచ్చారనీ, ఆట చూడటానికి కాక నేర్చుకోవడానికే డబ్బు పెట్టే రంగం అయిందనీ వచ్చే విమర్శలో పస ఉంది. అనంతపురం సీమ నిమ్మలకుంటలో మరో దారి పట్టారు. తోలుబొమ్మలు ఆడించే చేతులు అదే తోలుతో దీపాల తొడుగులు చేసి అమ్ముకున్నాయి. బతుకు నిలిచింది, దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. రాత్రంతా సాగే ఆట మాత్రం వెనకబడింది. వ్యాపారంగా గెలుపే. ప్రదర్శన కళగా గెలుపని చెప్పడానికి నాకు నోరు రాదు. వాళ్లను తప్పు పట్టే అర్హత, ఆ ఆట చూడటానికి టిక్కెట్టు కొనని మనకెవరికీ లేదు.

పల్లెటూరిలో ఇదంతా అయ్యే పనేనా అన్నవారికి కర్ణాటకలోని హెగ్గోడు చూపించాలి. వక్కతోటల మధ్య చిన్న ఊరు. కె.వి. సుబ్బణ్ణ 1949లో అక్కడ నీనాసం మొదలుపెట్టారు. 1980లో నాటక శిక్షణ కేంద్రం, 1985లో రాష్ట్రమంతా తిరిగే ‘తిరుగాట’ వచ్చాయి. ఏటా కొన్ని నాటకాలు కట్టి ఊరూరా ఆడి వచ్చే ఆ బృందం వల్ల, ఏ ఊళ్లో ఎవరు పిలుస్తారు, ఎందరు వస్తారు అన్న ఎరుక కళాకారుల సంస్థ దగ్గరే పోగైంది. మన కాంట్రాక్టరు దగ్గర ఉండిపోయిన ఎరుక అది. తుళ్లూరు చుట్టూ ఇప్పుడు కడుతున్న నగరానికి తొమ్మిది ఇతివృత్త నగరాల ప్రణాళిక ఉంది, అందులో మీడియాకొకటి, పర్యాటకానికొకటి. సంస్కృతి పేరిట ఇలాంటి చోట్ల సాధారణంగా వేల కుర్చీల ఆడిటోరియం కడతారు. ఏడాదిలో పదిసార్లు నిండుతుంది, దాని అద్దె ఏ నాటకం పార్టీకీ అందదు. ముంబయిలో 1978 నుంచి నడుస్తున్న పృథ్వీ థియేటర్‌లో పట్టేది సుమారు రెండొందల మంది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2010లో తెరిచిన లామకాన్ ఇంకా చిన్న వ్యవహారం. కొత్తవాళ్లు తప్పులు చేస్తూ నేర్చుకోవడానికీ, యాభై మంది వచ్చినా ఖర్చు పోకుండా ఉండటానికీ ఆ కొలత సరిపోతుంది. టిక్కెట్టు 500 దాటకపోతే నాటకానికి జీఎస్టీ లేదు. జానపద, శాస్త్రీయ కళాకారుడికి ఒక ప్రదర్శనకు లక్షన్నర దాకా ముట్టినా లేదు. పన్ను పెద్ద అడ్డంకి కాదు. రెండొందల కుర్చీల గది, పక్కన రిహార్సల్‌కు ఒక వసారా, తెనాలి, పొన్నూరు, నరసరావుపేట పార్టీలు వంతులు పెట్టుకుని నెలకో ఆట వేసుకునేలా ఒక క్యాలెండరు కావాలి. వచ్చినవాళ్ల ఫోను నెంబర్లు రాసుకునే పుస్తకం కూడా కావాలి. అది హాలు యజమాని దగ్గర కాక పార్టీల దగ్గర ఉండాలి. నగరం నక్షాలు గీసేటప్పుడు ఈ మాట చెప్పడానికి ఒక హార్మోనిస్టో, ఒక రెండో కృష్ణుడో ఆ నక్షాల బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు ఇంకా చేయవచ్చు, కాంక్రీటు ఇప్పుడిప్పుడే పడుతోంది.